పదకొండింటి బ్యాచి

మునిసిపల్ ఈత కొలనులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలకి ఆమె ఈల మేడం. పిల్లల్ని దింపడానికొచ్చే తల్లిదండ్రులకీ ఈల మేడమే. జీతాలిచ్చే గుమాస్తా కూడా ఒకసారి అలాగే పిలిచి నాలిక కరుచుకున్నాడు. ఆమె ఈల ఊదిందంటే నీళ్ళ అడుగున ఉన్నవాడు కూడా పైకి తేలాల్సిందే.

మనిషి పొడుగ్గా, నిటారుగా ఉండేది. కోపం ముక్కు మీదే ఉండేది. ఈదేటప్పుడు మోచెయ్యి కాస్త వంకరపడితే చాలు, గట్టు మీద నుంచే వాయించేసేది. అయినా తల్లిదండ్రులు పిల్లల్ని ఆమె దగ్గరికే తెచ్చేవారు. ఆమె చేతిలో పడ్డ పిల్లలు పోటీలకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు కాదు మరి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, రోజంతా క్లోరిన్ వాసన కొట్టే మనిషిని ఎవరు భరిస్తారని నవ్వేసేది. ఆమెకి దగ్గరివాళ్ళంటే అక్క, బావ, వాళ్ళ సంసారం. అంతే.

నలభై దాటాక ఒకరోజు పొద్దున్న లేచేసరికి వేళ్ళు ముడుచుకోలేదు. చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కిందేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత మణికట్లు ఉబ్బాయి, ఆపైన మడమలు. చూస్తూ ఉండగానే సీసా మూత తిప్పడం కూడా పెద్ద పనైపోయింది. ఆసుపత్రిలో కీళ్ళవాతమని తేల్చారు. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, మందులతో అదుపులో పెట్టుకుంటూ బతకాలి అన్నారు.

ఒక పోటీలో స్టాప్‌వాచీ మీట నొక్కబోతే బొటనవేలు లొంగలేదు. పిల్లాడు గోడ తాకాడు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంది. ఆ పిల్లాడి తండ్రి ఆమె వైపు జాలిగా చూశాడంతే. ఆ చూపు ఆమెకి తల కొట్టేసినట్టయింది. నెల తిరక్కుండానే మేనేజరు పిలిచి, కొన్నాళ్ళు టికెట్ల కిటికీ దగ్గర కూర్చోమన్నాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. గొడవలంటే భయం, అంతే.

కిటికీ వెనక కూర్చుంటే కొలను కనిపించదు, వినిపిస్తుంది. వేరే ఎవరో ఈల ఊదడం, పిల్లలు దూకిన చప్పుడు, తడికాళ్ళతో పరిగెత్తే అడుగులు. పెన్షన్ వచ్చేదాకా ఇలా చిల్లర అందిస్తూ గడిపేయడమేననుకుంది. ఇంటికెళ్ళి వండుకునే ఓపిక లేక బ్రెడ్డు ముక్కలు టీలో ముంచుకుని పడుకునేది.

పొద్దున బడిపిల్లల బ్యాచీలు అయిపోయాక, సాయంత్రం ఆఫీసులవాళ్ళు వచ్చేదాకా కొలను ఖాళీ. ఎండ నిలువునా దిగి అడుగున పలకల మీద నీలంగా ఆడుతూ ఉంటుంది. ఒకరోజు ఉక్క భరించలేక ఆమె లోపలికి వెళ్ళి మెట్లు దిగి, ఛాతీ లోతులో నిలబడింది. ఈదాలని కాదు. చల్లగా ఉంటుందని. కాసేపటికి ఊరికే ఒక అడుగు వేసింది. మడమ కిక్కురుమనలేదు. ఇంకో అడుగు వేసింది. ఇన్నాళ్ళూ కీళ్ళు మోస్తున్న బరువంతా నీళ్ళు తమ మీద వేసుకున్నట్టనిపించింది. ఆ గోడ నుంచి ఈ గోడకి, మళ్ళీ ఆ గోడకి నడుస్తూనే ఉంది. మర్నాడూ వెళ్ళింది. వారాలు గడిచేకొద్దీ పొద్దున్న వేళ్ళు సాగడానికి పట్టే సమయం తగ్గుతూ వచ్చింది. కీళ్ళ డాక్టరమ్మకి చెబితే ఆవిడ ఉత్సాహంగా విని, మందులు మానకుండా అదే చెయ్యమంది. ఏ కదలికలు మంచివో, దేనికి తొందరపడకూడదో తనే నిలబడి చేసి చూపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అక్క వచ్చి టికెట్ల కిటికీ ముందు నిలబడింది.

అక్క ఆమెకంటే చాలా పెద్దది. తల్లి, బట్టలు ఉతికే దుకాణంలో రెండు పూటలా పనిచేస్తుంటే చెల్లెల్ని పెంచింది అక్కే. చెల్లెలి అల్లరి పడలేక ఈ కొలనుకి తీసుకొచ్చి పడేసిందీ అక్కే. తను మాత్రం బయట బెంచీ మీద కూర్చుని ఏదో అల్లుకుంటూ ఉండేది, ఒక్కసారి కూడా నీళ్ళలో కాలు పెట్టలేదు. ఇప్పుడు భారీ మనిషి. షుగరు, బీపీ, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నోరు మాత్రం ఇంకా పదునే.

"ఒక టికెట్టివ్వు," అంది.

"నీకెందుకక్కా టికెట్టు?"

"కాసేపు కూర్చోడానికి. మీ బావ ముందు ఏడవలేను."

కాలి బొటనవేలి కింద చెప్పు కరిచి చిన్న పుండు పడిందట. నొప్పి తెలియలేదు కాబట్టి చూసుకోలేదు. మానడానికి నెలలు పట్టింది. ఈసారికి మానింది, మళ్ళీ వస్తే వేలు ఉంటుందో లేదో చెప్పలేనన్నాడట డాక్టరు. బరువు తగ్గండి, నడవండి అని ఎప్పటిలా చెప్పి పంపాడట.

"నడవమంటాడు. నడిస్తే మోకాళ్ళు పగిలిపోతాయి. కూర్చుంటే ఒళ్ళు పెరుగుతుంది. ఒళ్ళు పెరిగితే మోకాళ్ళు ఇంకా నొప్పి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా ఆయన్నే చెప్పమను," అని కళ్ళు తుడుచుకుంది.

ఈల మేడం కిటికీ తలుపు మూసేసింది. రేపు పదకొండింటికి రమ్మంది.

అక్కని నీళ్ళలోకి దింపడం ఏ పోటీకీ తీసిపోలేదు. ముందు బట్టల దగ్గర పేచీ. ఈత బట్టలు వేసుకుని నలుగురి మధ్యా నిలబడేకంటే కాలు తీసేసినా నయమేనంది. చివరికి బావ పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చింది. మెట్ల దగ్గర మళ్ళీ ఆగిపోయింది. నీళ్ళు తనని మోస్తాయా, తనే నీళ్ళని మొయ్యాలా అని అడిగింది. కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టుకీ చెల్లెల్ని తిట్టుకుంటూ దిగింది. నీళ్ళు ఛాతీదాకా వచ్చాక చెల్లెలు చెయ్యి పట్టుకుని నడిపించింది. కాస్త దూరం వెళ్ళాక అక్క ఉన్నట్టుండి ఆగింది.

"నా మోకాళ్ళేవే?"

"ఎక్కడికి పోతాయి, కిందే ఉన్నాయి."

"ఉన్నట్టు తెలియడం లేదే," అంది అక్క. నిలబడి ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ నవ్వింది.

అక్కకి ఒక మంచి సంగతి తెలిసిందంటే వీధంతటికీ తెలిసినట్టే. వారం తిరిగేసరికి ఆమె వెనకాల దర్జీ వచ్చాడు. గుండెకి స్టెంటు వేశారు, షుగరు, పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే పని. తర్వాత బస్సు కండక్టరమ్మ. ఆమెకి బీపీ, షుగరు, విరిగిపోయినట్టుండే నడుము. మధ్యాహ్నం డ్యూటీ ఎక్కే ముందు వచ్చేది. వాళ్ళని చూసి ఇంకొందరు. ఎలాగూ ఖాళీ సమయమే కదా అని మేనేజరు ఒప్పుకున్నాడు. పిల్లల బ్యాచీలకి రంగుల పేర్లుండేవి. వీళ్ళకి పదకొండింటి బ్యాచి అనే పేరు దానంతటదే వచ్చేసింది. ఈల మేడం గుర్రాల్ని తోలినట్టు వాళ్ళని ఆ గోడకీ ఈ గోడకీ నడిపించేది. చేతులు చాపించేది, నీళ్ళని నెట్టించేది, మోకాళ్ళు ఎత్తించేది. కండక్టరమ్మ "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటుంటే అందరూ నవ్వేవారు.

ఆ నవ్వులు అయ్యాక అందరికీ ఆకలి. నీళ్ళలోంచి లేచినవాళ్ళ ఆకలి మామూలుగా ఉండదు. రోడ్డుకి అవతల టీ కొట్టు, దాని ముందు మరిగే నూనె బాణలి. బ్యాచి బ్యాచంతా వెళ్ళి వేడివేడి వేపుళ్ళు, చక్కెర గట్టిగా వేసిన టీలు లాగించి, చాలా మంచి పని చేశామన్న తృప్తితో ఇళ్ళకి వెళ్ళేవారు. అక్క రక్తపరీక్ష చేయించుకుంటే షుగరు ఒక్క పిసరు తగ్గలేదు. ఇంకా పెరిగింది.

ఈల మేడానికి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాటి నుంచి పోటీ పిల్లలకి పెట్టే నియమాలన్నీ వీళ్ళకీ పెట్టింది. ఉడికించిన కూరలు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు, తీపి మాట ఎత్తకూడదు, వారం వారం అందరిముందూ బరువు తూగాలి. ఒకరోజు టీ కొట్టు ముందు దర్జీ చేతిలో వేపుడు పొట్లం చూసి, రోడ్డుకి ఇవతల నుంచే ఈల ఊదింది. పాపం, ఆయన పొట్లం జేబులో కుక్కుకున్నాడు. ఆ వేడికి తొడ కాలింది. మర్నాడు రాలేదు. కండక్టరమ్మ డ్యూటీ మారిందని కబురు పంపింది. ఒకరి తర్వాత ఒకరు మానేశారు. ఒక పదకొండింటికి కొలనులో అక్క ఒక్కతే నిలబడి ఉంది.

"అందరూ బద్ధకస్తులు," అంది ఈల మేడం.

అక్క గోడకి ఆనుకుని, నీళ్ళని అరచేత్తో తట్టింది.

"నువ్వు పోటీకి పంపే పిల్లలకి చెప్పినట్టు మాకు చెబుతున్నావు. వాళ్ళకి పోటీ అయిపోతే సెలవు. మాకీ రోగానికి సెలవుండదు. బతికున్నన్నాళ్ళూ చెయ్యగలిగేది చెప్పు, చేస్తాం. నాలుగు రోజులు నోరు కట్టుకుని ఐదోరోజు తెగబడి తినే పని చెప్పకు. అయినా నేనింట్లో ఏం తింటానో నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఆ మాటకొస్తే ఎవరూ అడగలేదు, ఏం తినకూడదో చెప్పడమే గానీ.

అప్పుడు అడిగింది. అక్క చెప్పుకుంటూ పోయింది. తన పళ్ళెంలో తను పెట్టుకునేది తక్కువేనట. మనవలు సగం తిని వదిలేసినవి, కొడుకు ఆలస్యంగా వచ్చి తినకుండా పడుకుంటే అతని వాటా, గిన్నె అడుగున అంటుకున్నది, రేపటికి పాడవుతుందనుకున్నది, అన్నీ పారేయలేక తన నోట్లో వేసుకునేదట. "మా ఇంటి చెత్తబుట్ట నా పొట్టే," అంది. నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి ఆ మాట దగ్గరికొచ్చేసరికి నవ్వలేకపోయింది.

ఆ సాయంత్రమే ఈల మేడం బావనీ, కొడుకునీ, కోడల్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. అరవలేదు. అక్కకి తిండి తగ్గించమని కూడా చెప్పలేదు. వండేది కాస్త తగ్గించమంది. ఎవరు వదిలింది వాళ్ళే తీసి పెట్టుకోవాలంది. కోడలు ఎప్పట్నుంచో అదే అనుకుంటున్నదల్లే ఉంది, మర్నాడే కొలత గిన్నె మార్చేసింది. బావ మొదటిసారి తన పళ్ళెం తనే తీసుకుని వంటింట్లోకి వెళ్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు. ఆ ముచ్చట అక్క చాలాకాలం చెప్పుకుంది.

తర్వాత ఈల మేడం దర్జీ దుకాణానికి వెళ్ళింది. కాలిన తొడ గురించి అడిగి, తప్పు తనదేనంది. ఆయన కంగారుపడి స్టూలు తుడిచి వేశాడు. ఏం తినాలో చెప్పడానికి రాలేదనీ, ఏం తింటున్నారో తెలుసుకుందామని వచ్చాననీ చెబితే మెల్లగా నోరు విప్పాడు. పొద్దున్న తినబుద్ధి కాదు. మధ్యాహ్నం జనం. టీ మీద టీ తాగుతూ నెట్టుకొస్తాడు. సాయంత్రం ఇంటికెళ్ళాక మూడు పూటలదీ ఒకేసారి తింటాడు, పగలంతా తినలేదన్న జాలితో భార్య ఇంకా వడ్డిస్తుంది. ఆయనతో తేలిన ఒప్పందం ఒక్కటే. మధ్యాహ్నం మిషను ఆపి, తలుపు దగ్గరగా వేసి, అన్నం డబ్బా విప్పాలి. కండక్టరమ్మ సంగతి వేరు. బస్సు ఆగిన చోట దొరికేవి బిస్కెట్లు, కూల్‌డ్రింకులే. టికెట్ల సంచీలో ఉడికించిన గుడ్డు, నానబెట్టిన శనగలు, ఒక పండు పెట్టుకోవడం ఆమెకి కుదిరింది. ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయిని ఈల మేడం ఒకరోజు కొలనుకే పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరి డబ్బా విప్పించి, ఇది కొంచెం పెంచండి, అది కొంచెం తగ్గించండి అని చెబితే అందరికీ అర్థమైంది. ఇంతకుముందు ఆసుపత్రిలో చెప్పినప్పుడు చుట్టూ జనం, వినపడేదే కాదు అన్నారు.

నీళ్ళయ్యాక గట్టు మీద బెంచీల్లో డబ్బాలు విప్పుకుని కలిసి తినడం అలా మొదలైంది. టీ మాత్రం అవతలి కొట్టు నుంచే వచ్చేది, చక్కెర లేకుండా. బేరం పోయిందని మొహం మాడ్చుకున్న కొట్టువాడు, కొన్నాళ్ళకి తనే బాణలి పక్కన గుడ్లు ఉడకబెట్టడం మొదలుపెట్టాడు. మానేసినవాళ్ళు తిరిగొచ్చారు. కొత్తవాళ్ళూ చేరారు. వేపుళ్ళు పూర్తిగా పోలేదు, వారానికొకసారి అందరూ కలిసి తినేవారు, ఎవరూ దాచుకోకుండా.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో దర్జీ కొంప ముంచబోయాడు. ఆ మధ్యాహ్నం రక్తపరీక్ష ఉంది. షుగరు తగ్గినట్టు కనపడితే భార్య సంతోషిస్తుందని, పొద్దున్న మాత్ర వేసుకుని ఏమీ తినకుండా నీళ్ళలోకి దిగాడు. కండక్టరమ్మ ఏదో జోకేస్తే అందరూ నవ్వి ఊరుకున్నాక ఆయన నవ్వాడు. ఈల మేడానికి అనుమానం వచ్చింది. బాగున్నారా అని అడిగితే, చొక్కా కొలతలు ఇంకా తీసుకోలేదన్నాడు. పెదాలు వణుకుతున్నాయి.

షుగరు పడిపోతోందని ఆమెకి అర్థమైంది. సీసా మూత తిప్పలేని ఆ వేళ్ళని నమ్ముకోకుండా, మోచేతులు ఆయన చంకల్లో దూర్చి మెట్ల వైపు లాగింది. కండక్టరమ్మ కాళ్ళు ఎత్తి పట్టుకుంది. గట్టు మీద కూర్చోబెట్టి, మింగగలడో లేదో చూసుకుని, గ్లూకోజు నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు. కాసేపటికి ఆయన చుట్టూ చూసి, అందరూ తనవైపే ఎందుకు చూస్తున్నారని అడిగాడు.

మేనేజరు మొహంలో నెత్తురుచుక్క లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆ సాయంత్రమే బ్యాచి ఆపేశాడు. రేపు ఏమైనా జరిగితే తన మెడకి చుట్టుకుంటుందన్నాడు. ఈల మేడం వాదించలేదు. ఆయన భయంలో తప్పేమీ కనపడలేదు ఆమెకి. జబ్బుమనుషుల్ని నీళ్ళలోకి దింపి ప్రాణాల మీదకి తెచ్చానేమోనని ఆమెకే గుండె జారిపోయి ఉంది.

మర్నాడు పదకొండింటికి బ్యాచి మొత్తం గేటు ముందు నిలబడింది, దర్జీతో సహా. ఆయన భార్య కూడా వచ్చింది. అక్క అందరికంటే ముందు మేనేజరు గదిలోకి వెళ్ళి, కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చుంది.

"నీళ్ళలో తూలాడని మూసేశారు. బాగానే ఉంది. మిషను ముందు తూలితే, బస్సులో తూలితే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తూలితే ఏం మూస్తారండీ? ఇక్కడ తూలాడు కాబట్టి కనిపెట్టే కళ్ళున్నాయి, పట్టుకునే చేతులున్నాయి. మమ్మల్ని వెళ్ళగొడితే మాకు రోగం తగ్గదు. మీ కళ్ళకి కనపడకుండా పోతుందంతే."

మేనేజరు బల్ల మీద పెన్ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. డాక్టరెవరైనా వచ్చి చూసి సరేనంటే ఆలోచిస్తానన్నాడు.

కీళ్ళ డాక్టరమ్మ తన సెలవురోజున వచ్చింది. తనతో షుగరు డాక్టర్ని కూడా లాక్కొచ్చింది, అక్కకి మూడేసి నెలలకి చీవాట్లు పెట్టే ఆయన్నే. ఇద్దరూ గట్టు మీద కూర్చుని గంటసేపు చూశారు. తినకుండా వచ్చినవాళ్ళు దిగకూడదన్నారు. దిగేముందు షుగరు చూసుకోవాలి, పాదాలు చూసుకోవాలి, గట్టు మీద ఎప్పుడూ తెలిసిన మనిషి ఒకరుండాలి, గ్లూకోజు చేతికందేచోట ఉండాలి. మందుల మోతాదు ఎవరెవరికి మార్చాలో తాము చూసుకుంటామన్నారు. షుగరు డాక్టరు వెళ్తూ వెళ్తూ అక్క దగ్గర ఆగి, ఈ సంగతి తనకి ముందే తోచి ఉండాల్సిందన్నాడు. అక్క పెద్దమనసు చేసుకుని, ఇప్పుడైనా తోచింది కదా అంది.

మేనేజరు ఒప్పుకున్నాడు గానీ, ఇంకో మెలిక పెట్టాడు. ఏటేటా జరిగే ఈత పోటీలకి మునిసిపల్ సభ్యులంతా వస్తారు. వాళ్ళ కళ్ళముందు ఈ బ్యాచి ఏం చెయ్యగలదో చూపిస్తే, దీన్ని శాశ్వతంగా పెట్టించమని తనే అడుగుతానన్నాడు. నడిచి చూపిస్తే ఎవరికి ఆనుతుంది, ఈది చూపించాలి అన్నది కండక్టరమ్మ. అందరూ అక్క వైపు చూశారు. మిగతావాళ్ళు అప్పటికే అంతో ఇంతో ఈదడం నేర్చుకున్నారు, నీళ్ళలో మొహం పెట్టడానికి కూడా భయపడేది ఆమె ఒక్కతే.

అక్క నెలల తరబడి మొహం ముంచడం నేర్చుకుంది. ముక్కులోకి నీళ్ళు పోయినప్పుడల్లా చెల్లెలి పుట్టుక దగ్గర్నుంచి తిట్టింది. వెల్లకిలా తేలడం నేర్చుకునేటప్పుడు వీపు కింద చెయ్యి తియ్యొద్దని ఒట్టు వేయించుకుంది. తనని ఎత్తుకుని తిప్పిన అక్క తన అరచేతి మీద అలా తేలుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటే, ఈల మేడం చెయ్యి తియ్యకుండానే, గడ్డం పైకెత్తమని కసిరేది.

పోటీల రోజు గ్యాలరీ కిటకిటలాడింది. పిల్లల పందేలన్నీ అయ్యాయి. మైకులో పదకొండింటి బ్యాచి పేరు చెప్పగానే మెట్ల మీద కూర్చున్న జనంలో గుసగుసలు. అక్క నల్లటి బట్టల్లో, తలకి పసుప్పచ్చ టోపీతో బయటికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. అక్క అటు తిరిగి చెయ్యూపింది, తన కోసమే వచ్చినవాళ్ళకి ఊపినట్టు. నవ్వు ఆగిపోయింది.

వీళ్ళది పందెం కాదు. రోజూ అడ్డంగా నడిచే కొలనుని ఈసారి నిలువునా, ఆ చివర నుంచి ఈ చివరకి ఈదాలి, అంతే. కండక్టరమ్మ ముందు వచ్చేసింది, వస్తూనే వెనక్కి తిరిగి మిగతావాళ్ళని కేకేసింది. దర్జీ వెల్లకిలా, ఆకాశం వైపు చూస్తూ, బట్టకి నెమ్మదిగా కుట్టు వేసినట్టు సమంగా వచ్చాడు. ఆయన భార్య మొదట్నుంచి చివరిదాకా నిలబడే చూసింది. ఒకరొకరే గోడ తాకారు. అక్క మిగిలింది.

కొలను మధ్యకొచ్చాక ఆమె ఆగింది. అక్కడ నేల అందదు. చేతులు నీళ్ళని కొడుతున్నాయి, ముందుకి మాత్రం రావడం లేదు. గట్టు మీద కాపలా ఉన్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. మేనేజరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఈల మేడం గట్టు వెంబడి ఆమెకి సరిగ్గా ఎదురుగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుంది. అరవలేదు.

"అక్కా, తొందరేం లేదు. వెల్లకిలా తిరుగు. ఊపిరి తీసుకో."

అక్క తిరిగింది. తేలింది. పొట్ట, పసుప్పచ్చ టోపీ, కాలివేళ్ళు, అన్ని వేళ్ళూ, నీళ్ళ పైన కనపడ్డాయి. నాలుగు ఊపిర్లు తీసుకుని ఆమె మళ్ళీ బోర్లా తిరిగింది. చెయ్యి, తర్వాత చెయ్యి. అప్పటిదాకా పతకాలు మెళ్ళో వేసుకుని తిరుగుతున్న పిల్లలు గట్టు మీదకి పరిగెత్తుకొచ్చి, ఆమె పక్కనే నడుస్తూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పట్లు గ్యాలరీకి పాకాయి. మునిసిపల్ సభ్యుల వరసలో ముందు ఒక పెద్దావిడ లేచింది, తర్వాత అందరూ లేచారు. అక్క గోడ తాకినప్పుడు మైకులో ఏం చెప్పారో ఎవరికీ వినపడలేదు.

"సగం కొలను తాగేశాను," అంది అక్క, కమ్మీ పట్టుకుని రొప్పుతూ. "ఉప్పు లేదు, ఫరవాలేదు."

ఆ వారంలోనే బ్యాచి శాశ్వతమైంది. ఈల మేడం టికెట్ల కిటికీ వదిలి, దానికి టీచరుగా వచ్చింది. తర్వాతి పరీక్షలో అక్క షుగరు చూసి డాక్టరు ఒక మాత్ర తగ్గించాడు. దర్జీ ఇప్పుడు దుకాణం తలుపు మీద మధ్యాహ్నం విరామమని బోర్డు పెట్టుకున్నాడు. కండక్టరమ్మ బస్సు డిపోలో మరో నలుగుర్ని పోగేసి తెచ్చింది. రోగాలు ఎవరికీ పోలేదు. కొన్ని పొద్దుల్లో ఈల మేడం వేళ్ళు ఇప్పటికీ ఉబ్బే ఉంటాయి. ఆ రోజుల్లో ఆమె గట్టు మీద కాకుండా నీళ్ళలోనే నిలబడి పాఠం చెబుతుంది.

ఒక ఆదివారం తలుపు చప్పుడైతే ఆమె తీసి చూసింది. ఎదురుగా అక్క, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ ఇల్లు మూడో అంతస్తులో. చెల్లెలు అందులోకి మారి ఏళ్ళయింది గానీ, లిఫ్టు లేని ఆ మేడ అక్క ఎప్పుడూ ఎక్కలేదు. కింద నిలబడి కేకేసేది, చెల్లెలే దిగి వచ్చేది.

"ఎలా వచ్చావే?" అంది ఈల మేడం. అక్కని చిన్నదాన్ని పిలిచినట్టు "వే" అన్నానని కూడా గమనించుకోలేదు.

"మెట్లెక్కి. మధ్యలో రెండుసార్లు ఆగాను. మీ మెట్ల గోడకి సున్నం వేయించండి, చూడలేకపోయాను."

లోపలికి వచ్చి ఇల్లంతా తిరిగింది. పరుపు తట్టి చూసింది, కిటికీ తీసి వీధిలోకి తొంగి చూసింది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్జు తలుపు తెరిచి, చాలాసేపు అలాగే నిలబడింది. అందులో ఒక బ్రెడ్డు పొట్లం, సగం నిమ్మకాయ తప్ప ఏమీ లేవు.

"ఊరందరి డబ్బాలూ విప్పి చూస్తావు. నీ డబ్బా ఎవరు చూస్తారు?"

అక్క అప్పటికే చేతులు కడుక్కుంటోంది. సంచీ తెచ్చుకో, కూరలు కొనుక్కొద్దాం పద అంది. తను తెస్తాను, మెట్లు మళ్ళీ ఎందుకు, కూర్చోమని చెల్లెలు అంటే వినలేదు. చెప్పులు వేసుకునే ముందు పాదాలు రెండూ తిప్పి చూసుకుంది. తర్వాత చెల్లెలికంటే ముందే గడప దాటి, కమ్మీ పట్టుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టింది.